గీకేసిన మాట

గురజాల,
10-2-1946

వదినగారికి సుందరి వందనాలు.

ఇక్కడ నేను కులాసా. మీ తమ్ముడు ఎలా ఉన్నారో మీరే రాయాలి. పేటలో కాంపౌండరు ఉద్యోగం ఆయనకు, గురజాలలో పంతులమ్మ ఉద్యోగం నాకు. నెలకొక్కసారి కనిపించే మొగుడి కబురు, ఆదివారం ఆదివారం చూసే ఆడబిడ్డను అడిగి తెలుసుకోవలసి వస్తోంది. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా!

అసలు సంగతికి వస్తాను. మన మిషన్ బళ్ళన్నీ చూసే మిస్సమ్మగారు వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నారు కదా. నిన్న మా బడికి వచ్చి టీచర్లందరికీ తలా ఒక సర్టిఫికెట్ తమ చేత్తో రాసి ఇచ్చారు. మీకు రొంపిచెర్లలో ముందే ఇచ్చి ఉంటారు. నాది ఇంటికొచ్చి తలుపు వేసుకుని చదివాను. అంతా మనకు తెలిసిన ఇంగ్లీషే, ఒక్క మాట తప్ప. అక్షరాలు రాస్తాను, చూడండి: ఆర్, ఈ, డి, ఓ, యు, బి, టి, ఏ, బి, ఎల్, ఈ. మధ్యలో ఉన్నది చూశారా? డౌట్! డౌట్ అంటే అనుమానమని ఫస్టు ఫారం పిల్లకు కూడా తెలుసు. దాని ముందు ‘రీ’ ఉంది. రీ అడ్మిషన్ అంటే మళ్ళీ చేర్చుకోవటం. మరి రీ డౌట్ అంటే? మళ్ళీ మళ్ళీ అనుమానించవలసిన మనిషి అనేనా వదినా? నిన్నటి నుంచి నాకు ముద్ద దిగటం లేదు.

మామూలుగా అయితే పెట్టె అడుగున పడేసి ఊరుకునేదాన్ని. కానీ పేటలో ఆడపిల్లల బోర్డింగు బడికి హెడ్మిస్ట్రెస్ కావాలని మీకూ తెలుసు. ఏప్రిల్లో కమిటీ కూర్చుంటుంది. మిస్సమ్మగారి కాగితం తప్పక చూపించాలట. ఆ ఉద్యోగం వస్తే నేనూ మీ తమ్ముడూ ఒక ఇంట్లో ఉంటాం. పెళ్ళయి మూడేళ్ళయినా మేం కాపురం చేసింది వేసవి సెలవుల్లోనే.

మీ వీధిలో ఇమాం సాహెబ్ గారి దగ్గర పెద్ద డిక్షనరీ ఉందనేవారు. కోర్టులో తర్జుమాలు చేసిన మనిషి, ఆయనకు తెలియకుండా ఉండదు. కాస్త అడిగి రాయండి. ఆ మాట వెనకాల ఇంకో ముక్క కూడా ఉంది. ముందు ఈ మాట సంగతి తేలాక అది రాస్తాను.

మీ మరదలు,
సుందరి


రొంపిచెర్ల,
16-2-1946

మరదలు సుందరికి కాంతమ్మ ఆశీస్సులు.

మీ ఆయన నిక్షేపంలా ఉన్నాడు. మొన్న ఆదివారం సైకిలు మీద వచ్చి, ఆరాధన అయ్యాక కోడికూర తిని, ఇంత సేపు నడుం వాల్చి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ వయసప్పుడు అమ్మ పోతే వాణ్ణి సాకినదాన్ని నేను. వారానికి ఒక పూట ముద్ద పెడితే దానిక్కూడా నీకు కన్నుకుడితే ఎలాగమ్మా?

సర్టిఫికెట్ నాకూ ఇచ్చింది మిస్సమ్మ. ‘పంక్చువల్, సాటిస్‌ఫాక్టరీ.’ అంతే. కింద సంతకం. పంక్చువల్ అంటే వేళకు వస్తుందని. ఆ మాట బడి గంట కొట్టే మనిషికీ రాయొచ్చు. సాటిస్‌ఫాక్టరీ అంటే అర్థం కోసం నేను ఇమాం సాహెబ్ గారి దాకా పోనక్కర్లేదు. ‘ఏదోలే, సరిపెట్టుకోవచ్చు’ అని. పధ్నాలుగేళ్ళు చేసినదానికి సరిపెట్టుకోవచ్చు, అయిదేళ్ళు చేసినదానికి పదకొండు అక్షరాల మాట. వేళ్ళ మీద లెక్కపెట్టాను లే. నీకు ముద్ద దిగటం లేదన్నావు. నాకూ దిగటం లేదు, కారణం వేరు.

ఆ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట శ్రీమన్నారాయణ శెట్టి మిరపకాయ బస్తాలు మీ బళ్ళో దింపించబోతే, నువ్వు గడప మీద కూర్చుని కదలకపోయిన సంగతి పల్నాడంతా చెప్పుకున్నారు. మిస్సమ్మ అప్పుడు అక్కడే గొడుగు వేసుకుని నిలబడి చూసిందట. మరి నువ్వు ట్రైనింగుకు నా బడికి వచ్చిన కొత్తల్లో, మునసబు ఎడ్లు కట్టేయటానికి మా వసారా కావాలంటే గడప మీద చతికిలబడిందెవరు? ఆ వెనకాల నిలబడి గజగజ వణికిందెవరు? విద్య నాది, పేరు నీది. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే. ఆ రోజు గొడుగు వేసుకుని చూసే మిస్సమ్మలు ఎవరూ నాకు దొరకలేదు.

సరే, అడుగుతాను. అడగనని ఎందుకంటాను?

నీ వదిన,
కాంతమ్మ


రొంపిచెర్ల,
22-2-1946
(కార్డు)

సుందరికి,

ఇమాం సాహెబ్ గారిని అడిగాను. డిక్షనరీ తీసి చూపించారు. ‘రిడౌటబుల్’ అని పలకాలట. మధ్యలో ఉన్న ‘బి’ మూగది. అనుమానం అన్న అర్థం దానికి లేదు, ఆ బెంగ వదిలెయ్. డిక్షనరీలో ఉన్న అర్థం: భయంకరమైన, చూసి భయపడదగిన. ఆయన ఇంకా చాలాసేపు చెప్పారు గాని రాయటానికి కార్డు చాలదు. ఇక్కడ కిరసనాయిలు దొరకటం లేదు. మీ ఆయనకు జలుబు తగ్గింది.

కాంతమ్మ


గురజాల,
1-3-1946

వదినగారికి వందనాలు.

కార్డు అందింది. అందకపోయినా బాగుండేది.

భయంకరమైన! మనం ఆ మాట దేనికి వాడతాం వదినా? పాముకు వాడతాం, కలరాకు వాడతాం. నేను మిస్సమ్మగారికి అలా కనిపించానా? ఆ మిరపకాయల రోజు ఏం జరిగిందో మీకు ఎవరెవరో చెప్పి ఉంటారు, నా నోటి మాటగా నేనెప్పుడూ చెప్పలేదు. బళ్ళు వచ్చి ఆగాయి. ఆ ఘాటుకు లోపల పిల్లలందరూ తుమ్ములు. నేను గడప మీద కూర్చుని ఎక్కాలు చెప్పిస్తున్నాను. శెట్టిగారు వచ్చి, “ఏందమ్మా, లేస్తావా లేదా?” అన్నారు. “పదమూడో ఎక్కం కాడున్నాం శెట్టిగారూ, అయ్యేదాకా లేవను” అన్నాను. “అయినాక?” అన్నారు. “అయినాక పద్నాలుగుంది” అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి బళ్ళు తిప్పించారు. ఇంతే జరిగింది. నేను అరవలేదు, తిట్టలేదు. నెల తిరక్కుండా ఆయనే తన కూతురు శ్యామలను చేయి పట్టుకుని తెచ్చి బళ్ళో వేశారు. భయంకరమైన మనిషి దగ్గరికి ఎవరైనా పిల్లను పంపుతారా?

ఆ రోజు మిస్సమ్మగారు గొడుగు కింద నవ్వుతూనే ఉన్నారు. ఈ కాగితం రాసేటప్పుడూ నవ్వుతూనే రాశారు. ఆ నవ్వే నాకు అర్థం కావటం లేదు. ఈ నెల పన్నెండు దాకా ఆమె గుంటూరులో ఉంటారు, తర్వాత బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కుతారట. నేనే ఉత్తరం రాసి అడగనా? లేక ఏం చేయాలో మీరు చెప్పండి. నాకు ఇంగ్లీషులో పెద్ద దిక్కు మీరే.

ఇంకొకటి. హెడ్మిస్ట్రెస్ ఉద్యోగానికి మీరు కూడా దరఖాస్తు పెట్టారని మీ తమ్ముడు రాశారు. మీరు నాకు ఆ మాట రాయలేదే! నిజమే అయితే చెప్పండి, నేను మానుకుంటాను. మీతో పోటీకి దిగేటంతటిదాన్ని కాను.

సుందరి


రొంపిచెర్ల,
6-3-1946

సుందరికి ఆశీస్సులు.

దరఖాస్తు పెట్టాను. పెట్టకూడదా? పధ్నాలుగేళ్ళు చేసినదాన్ని, ఒంటరిదాన్ని, పేటలో ఉంటే తమ్ముడు కళ్ళముందుంటాడని పెట్టాను. నీకు రాయలేదంటే రాయటానికి అందులో ఏముందని రాయలేదు. నువ్వు మానుకోనక్కర్లేదు. నువ్వు జాలిపడి వదిలేస్తే వచ్చే ఉద్యోగం నాకెందుకు? నువ్వూ రా, నేనూ వస్తాను. ఎవరి గింజలు ఎక్కడ రాసి ఉన్నాయో తేలుతుంది.

మిస్సమ్మకు మాత్రం రాయకు. ఆమె అన్న మాటకు ఆమెనే అర్థం అడిగితే, ఏం చెప్పి నిన్ను ఊరుకోబెడుతుంది? ఓడ ఎక్కబోయే మనిషిని ఇబ్బంది పెట్టటం తప్ప ఒరిగేది ఉండదు.

ఏం చేయాలో చెప్పమన్నావు గనక చెబుతున్నాను. కమిటీలో కూర్చునేవాళ్ళు ఆడపిల్లల తండ్రులు. భయంకరమైన మనిషి చేతిలో పిల్లల్ని పెడతారా? కొత్త బ్లేడు తీసుకుని ఆ వాక్యాన్ని మెల్లగా గీకెయ్. ఒక్క మాటే గీకితే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది, వాక్యం మొత్తం గీకు. తర్వాత గవ్వతో రుద్దితే కాగితం నునుపు తేలుతుంది. రిజిస్టర్లలో తప్పులు పడితే మనం చేసేదే కదా. ఆ వెనకాల ముక్క ఏదో ఉందన్నావే, అదీ దాంతోపాటే పోతుంది, పీడ విరగడవుతుంది.

ఉగాదికి మీ ఆయన ఇక్కడికే వస్తానన్నాడు. నువ్వు రాలేవు గదా.

కాంతమ్మ


గురజాల,
18-4-1946

వదినగారికి వందనాలు.

కమిటీ నాడు మిమ్మల్ని వరండాలో చూసి కూడా పలకరించకుండా వచ్చేశాను, క్షమించండి. అప్పుడు ఎవరి మొహమూ చూసే స్థితిలో లేను. తిరుగు ప్రయాణంలో బొగ్గు బస్సు పొయ్యి ఆరి పిడుగురాళ్ళ దగ్గర ఆగిపోతే రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. అదే నయమనిపించింది.

లోపల ఏం జరిగిందంటే, కమిటీ పెద్ద కృపాదానం అయ్యగారు నా కాగితం చదివి, మళ్ళీ చదివి, లేచి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టారు. ఎంత గవ్వతో రుద్దినా పల్చబడ్డ చోటు పల్చగానే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. “ఇక్కడేందమ్మా, రెండు వరసలు గీకినట్టుంది?” అన్నారు. ఆయనే అందుకుని, “మిస్సమ్మగారు నీ గురించి ఏదో చెడ్డ మాట రాశారు. నువ్వు తీసేశావు. అంతేనా?” అన్నారు. ఔనండీ అన్నాను. నాకు తెలిసింది అంతే కదా. “ఎవరు గీకమన్నారు?” అన్నారు. నేనే గీకానండీ అన్నాను. నిజంగానే బ్లేడు పట్టుకున్నది నేనే.

ఆ మాటలో డౌట్ ఉందని మొదట భయపడ్డాను. అది కాగితం మీద ఉన్నన్నాళ్ళూ ఎవరికీ నా మీద డౌట్ రాలేదు వదినా. గీకాకే వచ్చింది.

హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం ఎలాగూ పోయింది. దొంగ కాగితం తెచ్చినందుకు మే నెల పదిహేను లోపల సంజాయిషీ ఇవ్వాలట. అది బాగుండకపోతే గురజాల ఉద్యోగం కూడా తీసేస్తారు. పేటకు మీ పేరే ఖాయమంటున్నారు. మీకు రావటం న్యాయమే. పోనీలెండి, మనింట్లోనే ఉంటుంది.

ఇక దాచి లాభం లేదు. ఆ వెనకాల ముక్క ఏమిటో చెబుతాను. మొదట ‘ఈమె రిడౌటబుల్’ అని ఉంది. ఆ వెంటనే, ‘ఈ గుణాన్ని రొంపిచెర్ల కాంతమ్మ గడప మీద నేర్చుకుంది, ఆ కాంతమ్మ నేనెరిగిన వాళ్ళందరిలోకీ రిడౌటబుల్’ అని ఉంది. మిరపకాయల రోజునే నేను మిస్సమ్మగారికి చెప్పాను, ఇది మా వదిన నేర్పిన విద్యండీ అని. ఆమె అది గుర్తు పెట్టుకున్నారు. కాగితం ఇస్తూ, “కాంతమ్మ కాగితంలో ఇది రాయలేదు. ఎదురుగా పొగిడినా కోప్పడుతుందని నాకు భయం” అని నవ్వారు. పొగడటం అన్నారు, భయం అన్నారు. మీ కార్డు వచ్చాక నాకు భయం అన్న మాటే మిగిలింది. నన్ను అన్న మాట మిమ్మల్ని ఇంకా ఎక్కువగా అన్నారని మీకు ఎలా రాయను? మీ మనసు కష్టపడుతుందని ఊరుకున్నాను. గీకేటప్పుడు కూడా ముందు మీ పేరు మీదే బ్లేడు పెట్టాను. నాది తర్వాతే గీకాను.

సుందరి


రొంపిచెర్ల,
24-4-1946

సుందరీ,

నీ ఉత్తరం నిలబడి చదవటం మొదలుపెట్టాను. చివరికి వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉన్నాను.

ఆ రోజు మిగతాది రాయనిది కార్డు చాలక కాదే. చోటుంది. కిరసనాయిలు గురించి, మీ ఆయన జలుబు గురించి రాయటానికి చోటున్నప్పుడు దానికి లేకపోయిందా? ఇమాం సాహెబ్ గారు అర్థం చెప్పి, డిక్షనరీ మూసి, నాతో ఏమన్నారో ఇప్పుడు రాస్తున్నాను. “ఇది పుస్తకం చెప్పే అర్థం తల్లీ. వాడకం వేరే ఉంది. కోర్టులో ముప్పై ఏళ్ళు విన్నా గదా. అవతల పక్షం వకీలు చానా గట్టోడనుకో, మన వకీలే లేచి ఆ మాట అంటాడు. ఓడగొట్టటానికొచ్చినోడు కూడా సలాం పెట్టి పోయే మనిషిని అంటారు. పాముల్నీ దొంగల్నీ అనరు. ఎవరికొచ్చిందమ్మా ఈ మాట? మీ మరదలికా? అయితే మిఠాయి తెచ్చి పెట్టు.” ఇదీ ఆయన చెప్పింది.

అంతా విన్నాను. వింటుంటే నా కడుపులో ఎవరో మిరపకాయలు వేయించినట్టయింది. ఇంటికొచ్చి కార్డు తీసి సగం రాశాను. అబద్ధం ఒక్క ముక్క రాయలేదు, నిజంలో సగం రాశాను. అబద్ధం రాసినా ఇంత పాపం ఉండేది కాదేమో.

ఎందుకు రాశావని అడగకుండానే చెబుతున్నాను. ఓర్వలేక. నా చేతుల్లో పెరిగినవాడు నెలకు నాలుగు ఆదివారాలు నా పీట మీద కూర్చుని, ఒక్కొక్క ముద్దకూ నీ ఊసు ఎత్తుతాడు. నా బళ్ళో నేర్చిన విద్యకు నిన్ను మెచ్చుకుంటారు. చివరికి మిస్సమ్మ కూడానా అనిపించింది. నీకు ఆ ఒక్క మాటా దక్కకూడదనుకున్నాను.

పధ్నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసిన మెచ్చుకోలు వచ్చింది. నీ కాగితంలో వచ్చింది. నువ్వు నా పేరు చెప్పబట్టి వచ్చింది. దాన్ని నేనే గీకించాను. మిస్సమ్మ ఓడ ఎక్కి నెల దాటింది.

కమిటీకి చెబుదామని రెండుసార్లు బయలుదేరి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చాను. మీ ఆయనకు తెలిస్తే నా మొహం చూస్తాడా? ఏం చేయమంటావో చెప్పు.

కాంతమ్మ


గురజాల,
1-5-1946

వదినా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి చింపబోయాను. మూడోసారి పెట్టెలో పెట్టి తాళం వేశాను.

నేను మంచిదాన్నని అనుకోకండి. నాకూ మీ మీద కుళ్ళే. మూడేళ్ళుగా మీ తమ్ముడు నా చేతి కూర తిని ‘బాగుంది’ అంటారు. మీ కూర తలుచుకుని కళ్ళు మూసుకుంటారు. ఈ ఉద్యోగం నాకు రావాలని ప్రార్థించినప్పుడల్లా ఆయన ఆదివారాలు మీకు లేకుండా పోవాలని కూడా ప్రార్థించాను. కానీ నేను మీ మాటను దాచలేదు. మీ పేరును ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పాను.

క్షమాపణలు నాకు వద్దు. పదిహేనో తేదీ దగ్గరకొచ్చింది. నేను వెళ్ళి చెబితే ఆడబిడ్డ మీద నేరం మోపానంటారు. చెప్పవలసింది మీరు. మునసబుకు ఎదురుగా కూర్చున్న మనిషికి కృపాదానం అయ్యగారి ముందు నిలబడటానికి కాళ్ళు రావటం లేదా?

సెలవులిచ్చారు గాని, ఇది తేలేదాకా నేను పేట వెళ్ళను. మీ తమ్ముడికి నేను రాయలేదు. రాయను కూడా.

సుందరి


రొంపిచెర్ల,
13-5-1946

సుందరికి కాంతమ్మ రాయునది.

వెళ్ళాను. అంతా రాస్తాను, ఈసారి కవరు తెచ్చుకున్నాను, కార్డు కాదు.

ఇమాం సాహెబ్ గారు డిక్షనరీని తువ్వాల్లో చుట్టుకుని నాతో వచ్చారు. అంతకు ముందే ఆయనన్న మాట ఒకటి నా బుర్రలో పడింది. ‘ఆ మాటకు సాక్ష్యం కావాలంటే ఎదుటి పక్షం నోటి నుంచే రావాలి తల్లీ’ అన్నారు. అందుకని నాలుగో తేదీన మీ ఊరు వచ్చాను. నీకు కనిపించే మొహం లేక నేరుగా శెట్టి కొట్టుకు వెళ్ళాను. విషయం చెబితే ఆయన త్రాసు పక్కన పెట్టి, “పదండమ్మా, ఏ రోజు రావాలో చెప్పండి” అన్నాడు.

కమిటీ ముందు మొదట నా తప్పు చెప్పాను. మాట అర్థం సగం రాసింది నేను, గీకమన్నది నేను, బ్లేడూ గవ్వా కూడా నా సలహాయే అని చెప్పాను. ఇమాం సాహెబ్ గారు ఆ మాట వాడకం చెప్పారు. కృపాదానం అయ్యగారు నమ్మీ నమ్మనట్టు, “మిస్సమ్మగారు ఆ మాటే రాశారని ఏంది నమ్మకం?” అన్నారు. అప్పుడు శెట్టి లేచాడు. “అయ్యా, నాకు ఇంగిలీసు రాదు. పన్నెండు బళ్ళ మిరపకాయల్ని ఒక్క ఎక్కంతో ఎనక్కి పంపిన మనిషి ఆమె. కోపమొచ్చింది, ఎందుకు రాదూ? ఇంటికి పోయినాక మాత్రం నా బిడ్డ ఆమె కాడే చదవాలనిపించింది. దీనికి మీ భాషలో మాటుంటే ఆ మాటే రాసుంటది దొరసాని” అన్నాడు. కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ మాట నీది, నీ పేరు మీద ఎక్కింది.

అయ్యగారు నీ కాగితాన్ని మళ్ళీ కిటికీకి ఎత్తి పట్టారు. “గీకింది రెండు వరసలు. నువ్వు చెప్పింది ఒక వరసకే సరిపోయింది. రెండోదేందమ్మా?” అన్నారు. నా గొంతు దాకా వచ్చింది సుందరీ. పధ్నాలుగేళ్ళ ఆశ, నోరు తెరిస్తే చాలు. ఇమాం సాహెబ్ గారు నా వంకే చూస్తున్నారు.

“అది ఇంకొకరి పేరండీ” అన్నాను.

“ఎవరి పేరు?”

“ఆ మాటకు తగని మనిషిదండీ. పోయిందే మంచిది” అన్నాను. ఆయన కాగితం మడిచారు.

తీర్పు విను. పేట హెడ్మిస్ట్రెస్‌వి నువ్వు. జూన్ మూడున చేరాలి. నా దరఖాస్తు నేనే వెనక్కి తీసుకున్నాను, తీసుకోకపోయినా వాళ్ళే పారేసేవాళ్ళు. చేసినదానికి శిక్షగా నన్ను రొంపిచెర్ల నుంచి బదిలీ చేశారు. ఎక్కడికో తెలుసా? గురజాలకు, నీ బడికి. తమ్ముడికి కూడా నేనే పిలిచి అంతా చెప్పాను. వాడు తినకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ఆదివారం నాకు జీవితాంతం గుర్తుంటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడని మొదటి ఉత్తరంలో ఎత్తిపొడిచావు. ఆ అర్ధం కూడా నీకే అప్పగించాను, తీసుకో. కోడికూరలో ధనియాలు వేయించి నూరాలి, పచ్చివి వేస్తావు నువ్వు, అందుకే వాడు కళ్ళు మూసుకోడు.

నా అసూయ పోయిందనుకుంటావేమో, పోలేదు. పేట బస్టాండులో శెట్టి బస్సెక్కుతూ ఏమన్నాడో తెలుసా? “మా బడికొస్తున్నావంటగా అమ్మా. సుందరమ్మంత కాకపోయినా, కాసేపన్నా కూర్చోగలవా గడప మీద?” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీకా విద్య నేర్పింది నేనేనని చెబుదామనుకుని, నోరు నొక్కుకుని ఊరుకున్నాను. ఇక ఆ ఊళ్ళో రోజూ అందరి నోటా నీ పేరే వినాలి.

వచ్చే ఏడు మిరపకాయలకు మళ్ళీ బళ్ళు తోలిస్తానన్నాడు, నవ్వుతూనే అన్నాడు. తోలించనీ. నువ్వు పద్నాలుగో ఎక్కం చెప్పి బెదిరించావు. నేను పంతొమ్మిది దాకా చెప్పిస్తాను, చూస్తూ ఉండు. పిల్లలకు ఎంతవరకు వచ్చో వచ్చే ఉత్తరంలో రాయి.

పంక్చువల్, సాటిస్‌ఫాక్టరీ అయిన నీ వదిన,
కాంతమ్మ